చందనం లేకుండా అత్తరెక్కడిది?

గులాబీ పరిమళాన్ని సీసాలోకి దించే పద్ధతులు లోకంలో చాలా ఉన్నాయి. కనౌజ్ వాళ్ళ పద్ధతికి సాటి వచ్చేది నాకైతే ఇంకొకటి కనబడలేదు. ఉత్తరప్రదేశ్‌లో హర్షుడు ఏలిన ఊరు అది. గులాబీ అత్తరు అనగానే అందరూ నూర్జహాన్ పేరే చెబుతారు. జహంగీర్ మాత్రం స్వీయచరిత్రలో ఆ ఘనత ఆమె తల్లికి కట్టబెట్టాడు. అంతకుముందు సంగతులు ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు. వాటినలా ఉంచి పనితనం చూద్దాం.

తెల్లవారుజామున కోసిన పూలు ఎండ ముదరకముందే అత్తరు తీసే భట్టీకి చేరాలి. మట్టిపొయ్యి మీద ‘డేగ్’ అనే పెద్ద రాగి పాత్ర. అందులో పూలూ నీళ్ళూ పోసి మూతపెట్టి, ఆవిరి బయటికి పోకుండా బంకమన్నూ దూదీ కలిపిన ముద్దతో అంచంతా మెత్తుతారు. తాడు చుట్టిన వెదురుగొట్టం అక్కణ్ణుంచి నీళ్ళతొట్టిలో ఉన్న ‘భప్కా’లోకి దిగుతుంది. సన్నమెడ ఉన్న రాగిపాత్ర అది. అందులో ముందే పోసి ఉంచిన చందన తైలమే ఈ విద్యకు ప్రాణం. ఆవిరి చల్లబడుతుంటే పూల సారాన్ని చందనం పట్టేసుకుంటుంది, ఇక వదలదు.

థర్మామీటరు లేదు, ప్రెషర్ గేజీ లేదు. మేస్త్రి తొట్టిలో చెయ్యి పెట్టి భప్కా పొట్ట తడుముతాడు. వేడి ఎక్కడిదాకా ఎక్కిందో, పాత్ర ఎంతవరకు నిండిందో ఆ తడుములోనే తెలిసిపోతుంది. డేగ్ లోపల మరుగుతున్న చప్పుడు విని కట్టె ముందుకు తోస్తాడు, లేదా వెనక్కి లాగుతాడు. భప్కా మార్చేటప్పుడు తడిగుడ్డతో డేగ్‌ను చల్లార్చి ఆవిరి ఉధృతి ఆపుతాడు. కాస్త ఏమరితే పూలు అడుగంటి సరుకంతా మాడువాసన కొడుతుంది. ఎంతటి ఇంజనీరైనా ఆ చేతికి దండం పెట్టాల్సిందే! మర్నాడు భప్కా అడుగున చేరిన నీటిని తీసి, కొత్త పూలతో కలిపి మళ్ళీ డేగ్‌లోనే పోస్తారు. చందనానికి పూలవాసన నిండుగా పట్టేదాకా రోజుల తరబడి ఇదే వరస. ఆపైన తోలు కుప్పెల్లో పోసి ఉంచితే మిగిలిన తడి తోలుగుండా ఆరిపోతుంది.

ఇక మట్టి అత్తరు! కాల్చిన మట్టిబిళ్ళల నుంచి తొలకరి వాసన తీసి చందనంలో నిలిపిన మొనగాళ్ళు వీళ్ళు. 1964లో ఆస్ట్రేలియాలో బేర్, థామస్ అనే శాస్త్రవేత్తలు ఆ వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెడుతూ, ఉత్తరప్రదేశ్‌లో దాన్ని అప్పటికే అత్తరుగా తీస్తున్నారని రాశారు.

చందనం కలపకుండా తీస్తే ‘రూహ్’. గులాబీ రూహ్ కిలో రావాలంటే దాదాపు 4 టన్నుల పూలు కావాలి. వట్టివేళ్ళ రూహ్‌లో కనిపించే ఆకుపచ్చ రంగు రాగిపాత్ర ఇచ్చిందే. మొగలి రూహ్‌కు మన పొరుగున గంజాం జిల్లాయే పుట్టిల్లు.

ఇంతటి విద్యకు పట్టిన గతి చూస్తే కడుపు రగిలిపోతుంది. చందనం కరువై, ధర కొండెక్కింది. (మన శేషాచలం ఎర్రచందనానికి ఈ సువాసన లేదు, అది వేరే చెట్టు.) దాంతో వ్యాపారులు భప్కాలో లిక్విడ్ పారఫిన్ పోశారు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే డీఓపీ కూడా పోశారు. అక్కడితో ఆగారా? పూలే మానేసి, ఫ్యాక్టరీ రసాయనాన్ని నూనెలో కలిపి, నగిషీల సీసాలో ‘అసలైన గులాబ్’ అని అమ్ముతున్నారు. ఒంటికి పూసుకునే దాంట్లో ఇంత మోసమా? కనౌజ్ అత్తరుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది 2014లో. ఆ కాగితం నకిలీ సీసాల్ని ఆపలేకపోయింది.

అమెరికాలో, బర్కిలీలో మ్యాండీ ఆఫ్టెల్ పూలూ వేళ్ళూ బంకలతోనే సెంట్లు కూర్చి, పుస్తకాలు రాసి, కళాకారిణిగా గౌరవం పొందుతోంది. పొందాల్సిందే. మరి పొయ్యి ముందు జీవితమంతా చెమటోడ్చిన కనౌజ్ మేస్త్రి పేరు ఏ సీసా మీద ఉంది?

చందనమో పారఫినో సీసా మీద రాసి తీరాలని ప్రభుత్వం చట్టం చెయ్యాలి. రైతుల పొలాల్లో చందనం పెరగాలి, అది భట్టీలకు సరసమైన ధరకు అందాలి. చట్టం వచ్చేలోగా మనం చెయ్యగలిగిందీ ఉంది. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో అత్తరు కొనేటప్పుడు ‘ఇది ఏ నూనెలో తీశారు భాయ్?’ అని అడగండి. ముంజేతికి రాసుకుని సాయంత్రందాకా ఆగండి. పైపూత ఎగిరిపోయాక చందనం పలకకపోతే ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళకండి.