బాణీ తెలిసినవాళ్లు ఉండాలి

"గిది ట్వింకిల్ ట్వింకిల్ పాటనే గదా బిడ్డా!" అన్నాడు పెద్దాయన. శాలిబండలో బంధువులింట్లో, ఈ వారం. పిల్ల కీబోర్డు మీద మొజార్ట్ వేరియేషన్లు వాయిస్తోంది. ఆయన గుర్తుపట్టినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అది నిజానికి పాత ఫ్రెంచి పాట బాణీ. మొజార్ట్ దాని మీద రాసిన 12 వేరియేషన్లు 1785లో వియన్నాలో అచ్చయ్యాయి. ట్వింకిల్ పాటకు మాటలైన జేన్ టేలర్ నక్షత్రం పద్యం 1806లో గానీ రాలేదు. మొజార్ట్ మొదటి వేరియేషన్‌లో కుడిచేయి పరుగెడుతుంది, రెండోదాంట్లో ఎడమచేయి. ఎనిమిదోది మైనర్‌లోకి దిగి దిగులుపడుతుంది. పదకొండోది బాగా నెమ్మది. చివరిదాంట్లో తాళమే మారి మూడు దెబ్బల నడక అవుతుంది.

ఇలా ఉన్నదాన్ని కొత్తగా మలిచే మనోధర్మమే సంగీతానికి ప్రాణమని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాఠకులకు తెలుసు. మన నెరవలులో సాహిత్యం ఒక్క పాదమే, సంగతులు మారుతుంటాయి. పాతబస్తీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే ఢోలక్ గీతాలు దీనికి తలకిందులు. బాణీ కదలదు, మాటలు మారతాయి. నా చిన్నతనంలో మొగల్‌పురాలో పెళ్లికి ముందు జరిపే మాంఝా వేడుక ఒక రాత్రి చూశాను. ఒకామె ఢోలక్ మీద చెంచాతో దరువేస్తోంది, ఇంకొకామె దక్కనీలో వియ్యపురాలిని ఆటపట్టిస్తూ అప్పటికప్పుడు పాదం కడుతోంది. చుట్టూ కూర్చున్నవాళ్లంతా పల్లవి అందుకుంటున్నారు. వియ్యపురాలి వైపు నుంచి జవాబు అదే బాణీలో తిరిగొచ్చింది. లాల్‌దర్వాజ వైపు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఉయ్యాల పాటలు పాడేవాళ్లదీ ఇదే పద్ధతి.

ఇదంతా రాసి, కొత్తగా కట్టగల నేర్పే గొప్పదని ముగిద్దామనుకున్నాను. కానీ ఆ పెద్దాయన మాట నన్ను వదల్లేదు. బాణీ ముందే ఆయన చెవిలో ఉంది కాబట్టే దాన్ని ఎంత మార్చినా పట్టుకోగలిగాడు. మాంఝా రాత్రి అంత నవ్వు పుట్టిందీ పల్లవి అందరికీ వచ్చు కాబట్టే. ఈమధ్య నేను వెళ్లిన పెళ్లిళ్లలో డీజే పెట్టెలే మోగుతున్నాయి. పల్లవే రానివాళ్ల ముందు ఎంత నేర్పరి పాదం కట్టినా ఎవరికి చేరుతుంది? మనోధర్మం కన్నా ముందు, మార్పులేమీ లేని ఆ మామూలు పాట పదిమందికీ నోటికి రావాలి.

పియానో నేర్పే మాస్టర్లూ, వేరియేషన్లకు ముందు అసలు బాణీని ఇంటిల్లిపాదితో పాడించండి. పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఒక్క గంట డీజే ఆపి, పాటలొచ్చిన అమ్మమ్మ ముందు ఢోలక్ పెట్టండి.