వాక్యంలో కనబడని వెట్టి

హైదరాబాదు మెట్రో బ్లూ లైనుకు రాయదుర్గం ఒక కొస. 2019 నవంబరులో ఆ స్టేషన్ తెరిచాక హైటెక్ సిటీ ఉద్యోగులకు రాయదుర్గమంటే రైలు దిగే చోటు, అంతే. రెవెన్యూ కాగితాల్లో మాత్రం రాయదుర్గం ఒకటి కాదు. రాయదుర్గం పన్మక్త, రాయదుర్గం నవ్‌ఖల్సా, రాయదుర్గం పైగా అని విడివిడిగా ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఫ్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు తిరగేస్తుంటే ఖుష్కి, తరి, సేత్వార్, ఖాస్రా పహాణీ, శిఖం లాంటి మాటలు వరసగా తగులుతాయి. లాయరుకు ఫీజిచ్చి మరీ అర్థం చెప్పించుకుంటారు. ఆ మాటలు పుట్టిన లోకమే దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో ఎదురైతే పది పేజీలకే పుస్తకం పక్కన పెట్టేస్తారు. నవలకు లాయరు లేడు.

పద్యానికి ఉన్నాడు, టీక రాసే పండితుడు. ఈ నేలలో ఆ వృత్తికి పెద్ద పేరే ఉంది. కాళిదాసు, భారవి, మాఘుడు, శ్రీహర్షుడు దేశమంతటికీ బోధపడింది చాలావరకు మెదక్ జిల్లా కొల్చారం పండితుడు మల్లినాథసూరి చేతి మీదుగానే. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన సంజీవని వ్యాఖ్య లేకుండా సంస్కృత పాఠం సాగేది కాదు. ఆయన తనకు తాను రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయకూడదు, అవసరం లేనిది చెప్పకూడదు. మొదటిది చాలామంది పాటిస్తారు, రెండోదాని దగ్గరే పండితులు జారిపోతారు. తెలుగు కావ్యాలకూ ఈ భాగ్యం దక్కింది. సి.పి. బ్రౌన్ ‘మనుచరిత్ర’కు జూలూరి అప్పయ్య చేత టీక రాయించి అచ్చు వేయించాడు. వేదం వేంకటరాయశాస్త్రి ‘శృంగార నైషధం’, ‘ఆముక్తమాల్యద’లకు వ్యాఖ్యలు రాశారు.

బడిలో మార్కుల కోసం రాసిన ప్రతిపదార్థం ఈ సంప్రదాయానికి చివరి పిలక. అందుకే చాలామందికి దాని మీద మంట. కానీ అసలు పద్ధతి చాలా తెలివైనది. ముందు సంధులు విడగొట్టి పదాలను దేనికది నిలబెట్టాలి. తర్వాత అన్వయం. ఇందులో రెండు దారులు. కర్తతో మొదలెట్టి క్రియతో ముగించేలా పదాలను వరసగా పేర్చడం దండాన్వయం. క్రియను ముందు పట్టుకుని ఎవరు, దేన్ని, ఎలాంటిది, ఎప్పుడు అని ఒక్కో ప్రశ్నే వేసుకుంటూ జవాబుగా ఒక్కో పదాన్ని లాగడం ఖండాన్వయం. ఆపైన ప్రతి పదానికీ అర్థం, సందేహముంటే నిఘంటువు సాక్ష్యం, చివర తాత్పర్యం. దీనికి మించి ‘విశేషాలు’ అని ఒక అర ఉంటుంది. కథలో తొంగిచూసే పురాణం, శాస్త్రం, ఆచారం, ఆటపాటలు అక్కడ చేరతాయి. చదువరికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఆ అరే, పరీక్షలో మార్కులు రానిదీ అదే.

నవల వచ్చాక ఈ పని ఆగిపోయింది. వచనం కదా, అందరికీ అర్థమవుతుంది కదా అనుకున్నారు. వాడుక భాషలోకి వచ్చాక టీక మాటే ఎత్తలేదు. ఎవరి వాడుక అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. నిజాం కాలపు ఊళ్లో మాట్లాడే తెలుగు గుంటూరు పాఠకుడికే కాదు, కొండాపూర్‌లో పుట్టిపెరిగిన ఇరవై ఏళ్ల కుర్రాడికీ ఇవాళ వాడుక కాదు.

1928లో చిన్నగూడూరులో పుట్టిన రంగాచార్య సాయుధ పోరాటంలో పాల్గొన్న మనిషి. 1948 పోలీసు చర్యకు ముందరి తెలంగాణ పల్లెను ‘చిల్లర దేవుళ్ళు’లోకి తెచ్చాడు. అక్కడి జనం ఆ ఊరి తెలుగే మాట్లాడతారు. సర్కారు పని ఉర్దూలో నడుస్తుంది. కథలోకి బయటి నుంచి వచ్చే సంగీతం పంతులు పాణి ఉన్నాడు కాబట్టి కొంత నయం. ఆయన చూసి విస్తుపోయే చోట పాఠకుడూ విస్తుపోవచ్చు. అయితే పాణికి వింతగా తోచనివి కూడా ఇవాళ మనకు తెలియవు. ఆడబాప అనే మాటే ఉంది. దొరసాని కాపురానికి వస్తూ వెంట తెచ్చిన దాసి అని నిఘంటువు చెప్పి ఊరుకుంటుంది. ఆ పిల్లకు పెళ్లి లేదు, కూలి లేదు, దొర కన్ను పడితే కాదనే నోరు లేదు, పుట్టే బిడ్డకు తండ్రి పేరు లేదు. అర్థం ఒక ముక్క, బతుకు ఒక విశేషం.

కష్టమైన మాట అడ్డం పడితే పాఠకుడు ఆగి వెతుక్కుంటాడు. అసలు ప్రమాదం తేలికైన మాటతోనే. ఆ కాలపు ఊళ్లో ఎవరైనా అనగల మాట ఒకటి ఇక్కడ కల్పించుకుందాం: సుంకరి వచ్చి పట్వారి రమ్మంటున్నడని చెప్పంగనే ఎల్లయ్య అరక విడిచి బండి కట్టిండు.

ఖండాన్వయం చేద్దాం. కట్టిండు. ఎవరు? ఎల్లయ్య. దేన్ని? బండిని. ఎవరి బండి? తనదే. ఎప్పుడు? సుంకరి చెప్పిన మరుక్షణం. అంతవరకూ ఏం చేస్తున్నాడు? దున్నుతున్నాడు. పాత పండితుడైతే ఇక్కడితో చేతులు దులుపుకోవచ్చు. నవలకు టీక రాసేవాడు ఇంకా అడగాలి. కిరాయి ఎంత? లేదు. ఎడ్ల మేత ఎవరిది? ఎల్లయ్యదే. దుక్కి ఆగితే? పదును ఆరిపోతుంది, మళ్లీ వాన దాకా చూడాలి. రానంటే? ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో రాసే కలం పట్వారి చేతిలో ఉంది. ఊళ్లో మాలీపటేల్ శిస్తు వసూలు చేస్తాడు, పోలీసు పటేల్ తగవులూ నేరాలూ చూస్తాడు, లెక్కలన్నీ పట్వారివి. వాక్యమంతా వెట్టి గురించే, అందులో వెట్టి అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. లేని మాటను ఏ నిఘంటువులో వెతుకుతారు?

ఉన్న మాట కూడా మోసం చేయగలదు. సుంకరి అంటే సుంకం వసూలు చేసేవాడని పెద్ద నిఘంటువుల అర్థం. తెలంగాణ ఊళ్లో సుంకరి పటేల్, పట్వారీల గుమ్మం దగ్గర కాచుకుని ఉండి, వాళ్లు పిలవమన్నవాళ్లను పిలుచుకొచ్చే గ్రామ సేవకుడు. నిఘంటువును నమ్ముకున్న పాఠకుడికి పై వాక్యంలో లేని పన్ను అధికారి ఒకడు కనబడతాడు.

నిఘంటువులను తిట్టి లాభం లేదు, వాటి పని వేరు. బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ (1885) కావ్య భాషకు కొలువు. పిఠాపురం రాజా పోషణలో 1936 నుంచి వెలువడిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ది కూడా ఎక్కువగా అదే దారి. తెలంగాణ నవలకు నిజంగా అక్కరకొచ్చేది బ్రౌన్ పుస్తకాల్లో జనం మరిచిపోయిన ఒకటి. ఆయన 1854లో అన్యదేశ్యాలకూ మిశ్రభాషకూ వేరే నిఘంటువు వేశాడు. కచేరీల్లో వాడే హిందుస్తానీ, పారసీ మాటలు అందులో దొరుకుతాయి. పొలం పనుల మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం ఉంది. సూర్యరాయాంధ్రంలో చేరని మాటలను రవ్వా శ్రీహరి ‘శ్రీహరి నిఘంటువు’గా కూర్చారు. నల్లగొండ జిల్లా వెల్వర్తి నుంచి వచ్చిన ఆయన పాఠం చెప్పింది గచ్చిబౌలిలోనే, హైదరాబాదు విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో.

నవల కష్టమంతా మాండలికంలోనే ఉంటుందనుకోవద్దు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ తెరిస్తే తిప్పలు రెండో వైపు నుంచి వస్తాయి. సమాసాలకు సూర్యరాయాంధ్రం చాలు. గణాచారి దగ్గర అది చాలదు. దేవుడు పూని పలికే ఆ స్త్రీ కొలువు వంశపారంపర్యమైనది, ఊరి మంచిచెడ్డలు ఆమె నోటి వెంట తేలతాయి. అది తెలియనివాళ్లకు ఆమె పిచ్చిదానిలా కనబడుతుంది, నవల పునాదే కదిలిపోతుంది. దీన్ని పి.వి. నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. తెలుగువాళ్లకే టీక కావలసిన పుస్తకాన్ని హిందీ పాఠకుడికి అప్పగించడం తక్కువ సాహసం కాదు. ఇంగ్లీషు చదువరులు ఈ విషయంలో సిగ్గుపడలేదు. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’కు డాన్ గిఫర్డ్ రాసిన టిప్పణి ఒక ప్రత్యేక గ్రంథం. డబ్లిన్ వీధులు, దుకాణాలు, పాటలు, గుర్రప్పందేలు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టుకుని చదవడం అక్కడ నామోషీ కాదు.

సైబరాబాదు పాఠకుడికి అలాంటి టిప్పణి సరంజామా కాళ్ల కిందే ఉంది. రాయదుర్గం పేర్లలోని మక్తా అంటే ఏటా ఇంత అని ఖరారైన పన్ను మీద ఇచ్చిన ఊరు. ఖల్సా అంటే శిస్తు నేరుగా సర్కారుకు చేరే నేల. పైగా అంటే నిజాంకు ఫౌజు నిలిపే బాధ్యత మీద అమీరులు అనుభవించిన జాగీరు. 1949లో జాగీర్ల రద్దుతో ఈ తేడాలు చట్టంలో పోయాయి, ఊరి పేర్లలో మిగిలాయి. 2025లో చెట్ల నరికివేతపై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కంచ గచ్చిబౌలి పేరులోని కంచ, పశువులు మేసే బీడు. ఊరి కంచ ఎవరి ఆధీనంలో ఉందో తెలిస్తే గొర్లకాపరి బతుకు సగం తెలిసినట్టే.

రూపాయి దగ్గర కూడా ఆగాలి. హైదరాబాదు రాజ్యానికి సొంత నాణెం హాలీ సిక్కా ఉండేది. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీలిస్తే రమారమి ఆరు కల్దార్లు. కథలో అప్పు లెక్క వచ్చినప్పుడు ఏ రూపాయో చూసుకోవాలి. ధాన్యం అప్పైతే అది నాగు. ధాన్యంగా ఇచ్చి, పంట రాగానే వడ్డీతో సహా ధాన్యంగానే కళ్లంలో కొలిపించుకునేవారు. కాగితం మీద 1347 ఫసలీ అని ఉంటే 590 కలపాలి. అది 1937-38.

ఇలాంటి టీక రాయడానికి పండితుడు ఒక్కడే చాలడు. పటేల్, పట్వారీ ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. ఆ లెక్కలు స్వయంగా రాసిన చేతులు ఇప్పుడు ముసలివైపోయాయి. గచ్చిబౌలి, మణికొండ అపార్ట్‌మెంట్లలో కొడుకుల దగ్గర ఉంటూ సాయంత్రాలు పార్కు బెంచీల మీద కూర్చునే పెద్దవాళ్లలో అరక కట్టినవాళ్లూ, దొర గడి వాకిట నిలబడినవాళ్ల పిల్లలూ ఉంటారు. నవల పేజీ వాళ్ల ముందు పెట్టి, ఈ మాట మీ ఊళ్లో ఎవరు అనేవారు, ఎవరితో అనేవారు అని అడిగి రాసుకుంటే విశేషాల అర నిండుతుంది.

అప్పుడు, అవసరం లేనిది చెప్పకూడదన్న మల్లినాథుడి రెండో కట్టుబాటు గుర్తుంచుకోవాలి. తెలంగాణ రాజకీయ వేదికల మీద దొర అన్న మాట ఇప్పటికీ తిట్టుగా పేలుతూనే ఉంది కాబట్టి టీకాకారుడికి ఉపన్యాసం ఇవ్వాలనిపిస్తుంది. గడి ముందు ఎల్లయ్య ‘బాంచెన్’ (నీ బానిసను) అన్నప్పుడు అది భయమా, అలవాటా, లోపల పళ్లు కొరకడమా అన్నది ఆయన తేల్చనక్కర్లేదు. ఆ మాట ఎవరి ముందు, ఎంత దూరంలో, చెప్పులు ఎక్కడ విడిచి అనేవారో రాసి పక్కకు తప్పుకుంటే చాలు.