మంచి రోజు వచ్చినప్పుడు

“కీమో లేదు కదా, ఇంకేమిటి వదినా! అదృష్టవంతురాలివి.”

ఆపరేషన్ అయ్యాక నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఈ మాటే అన్నారు. అబద్ధమేమీ కాదు. కిడ్నీకి వచ్చే క్యాన్సర్‌కు మామూలు కీమో మందులు పెద్దగా పనిచెయ్యవు. గడ్డ కిడ్నీ దాటి పోకముందే దొరికితే కోసి తీసెయ్యడమే వైద్యం. నాది మరి దేనికోసమో తీయించిన అల్ట్రాసౌండ్‌లో బయటపడింది. ఈ రోజుల్లో చాలామందికి అలాగే, నొప్పీ రక్తమూ కనిపించకముందే బయటపడుతోందట. ఎడమ కిడ్నీ తీసేశారు. కుట్లు మానాయి. జడ జడలాగే ఉంది. క్యాన్సర్ తాలూకు ఆనవాలు చూసేవాళ్ళ కంటికి ఒక్కటీ లేదు.

చిక్కంతా అక్కడే. జుట్టు రాలినవాళ్ళు పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. జుట్టున్న మనిషి మధ్యాహ్నం మూడింటికి సోఫాలో కళ్ళు మూసుకుంటే “ఇంకా నీరసమేనా?” అంటారు. పైవాళ్ళ సంగతి అలా ఉంచండి, ఆ ప్రశ్న నన్ను నేనే ఎక్కువసార్లు వేసుకున్నాను. వైద్యం అయిపోయింది, జబ్బు పోయింది, మరి నువ్వెందుకమ్మా ఇలా కూలబడుతున్నావు?

పని చేసి అలిసిపోవడం నాకు కొత్త కాదు. ఉమ్మడి కుటుంబంలో వంటలు చేసినదాన్ని, బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఆ అలసట ఒక నిద్ర తీస్తే పోయేది. ఇది నిద్రకు లొంగేది కాదు. తెల్లారి లేస్తే రాత్రి పడుకోనట్టే ఉండేది. కుచ్చిళ్ళు పెట్టుకుంటూ మధ్యలో మంచం మీద చతికిలబడేదాన్ని. ఈ కాలమ్‌కు నాలుగు వాక్యాలు రాస్తే, మొదటి వాక్యంలో ఏమన్నానో నాలుగోదానికి వచ్చేసరికి గుర్తుండేది కాదు. క్యాన్సర్ డాక్టర్లకు ఈ అలసట బాగా పరిచయమైనదే. చేసిన పనికీ వచ్చిన నీరసానికీ పొంతన ఉండకపోవడం, విశ్రాంతితో తీరకపోవడం దాని గుర్తులని చెప్పారు. ఆ మాట వినగానే సగం బరువు దిగింది. నాది బద్ధకం కాదన్నమాట.

కారణం ఒకటి కాదు, కలగాపులగం. గుండె తోసే రక్తంలో సుమారు ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది. వడపోత ఒక్కటే కాదు వాటి పని. ఎర్రకణాలు తయారుచెయ్యమని ఎముక మూలుగకు కబురు పంపే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోను ముఖ్యంగా అక్కడే పుడుతుంది. ఒకటి పోయాక రెండోది కాస్త పెద్దదై, తన పని పెంచుకుంటుంది. అందుకే పని కచ్చితంగా సగానికి పడిపోదు. చాలామందిలో మునుపటి దానిలో 60, 70 శాతం దగ్గర నిలదొక్కుకుంటుంది. అయితే ఆ సర్దుబాటుకు వారాలూ నెలలూ పడుతుంది. ఈలోగా ఆపరేషన్‌లో పోయిన రక్తం పూడాలి, పక్క పొడుగునా కోసిన కండరాలు అతుక్కోవాలి, మంచాన ఉన్నన్నాళ్ళూ కరిగిపోయిన తొడల కండ మళ్ళీ పట్టాలి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి “మళ్ళీ వస్తుందా?” అనుకుంటూ పడుకోవడం వీటికి అదనం.

ఒక్క కిడ్నీతో మనిషి బతకగలడని తేలింది 1869లో. జర్మనీలోని హైడెల్బర్గ్‌లో గుస్తాఫ్ సైమన్ అనే సర్జన్ ముందు కుక్కల మీద చేసి చూసుకుని, ఆ తర్వాత ఒకావిడకు కిడ్నీ తీసేశాడు. ఆవిడ బతికింది. సుమారు నూట యాభై ఏళ్ళుగా డాక్టర్లకు తెలిసిన ఈ విషయాన్ని మా వీధికి నేను కొత్తగా చెప్పాల్సి వచ్చింది.

ఎందుకంటే కిడ్నీ అనగానే మనవాళ్ళకు తట్టేవి రెండే. ఒకటి రాళ్ళు, రెండు డయాలసిస్. రాళ్ళ బాపతువాళ్ళు ఉలవ కట్టు, కొండపిండాకు, బార్లీ నీళ్ళు చెప్పారు. ఒకావిడ కొండపిండాకు కోసుకునే వచ్చింది, పాపం, ఎండలో. శ్రీకాకుళం వైపు మా దూరపు బంధువు ఫోను చేసి “వారానికి ఎన్నిసార్లు ఎక్కిస్తున్నారు?” అని అడిగాడు. వాళ్ళది ఉద్దానం. అక్కడ ఇంటింటా చూసిన కిడ్నీ జబ్బు డయాలసిస్ దాకా పోయేదే కాబట్టి అతను అలా అడగడంలో వింత లేదు. నాకు డయాలసిస్ అవసరం లేదనీ, రెండో కిడ్నీ బాగుందనీ చెప్పేసరికి నాకు ఆయాసం వచ్చింది.

ఈ పరామర్శల గురించి నాలుగు మాటలు చెప్పాలి. మన ఊళ్ళలో జబ్బు మనిషిని చూడ్డానికి రాకపోతే తప్పు, వచ్చి వెంటనే లేస్తే ఇంకా తప్పు. వచ్చిన ప్రతివాళ్ళకూ కథ మొదటినుంచీ చెప్పాలి. ఎలా తెలిసింది, ఏ డాక్టరు, ఎంతయింది, కుట్లెన్ని. వాళ్ళ బంధువుల్లో క్యాన్సర్‌తో పోయినవాళ్ళ కథలు వాళ్ళు చెబుతారు, అవీ వినాలి. మెట్లెక్కడం కంటే నన్ను ఎక్కువ అలిసిపోయేలా చేసింది ఇదేనని నిస్సంకోచంగా చెబుతాను. చివరికి మా ఇంట్లో ఒక ఏర్పాటు జరిగింది. చూడ్డానికి వచ్చేవాళ్ళకు సాయంత్రం ఐదు నుంచి ఆరు. కథ చెప్పే బాధ్యత మా ఆయనది. కాఫీ పెట్టే బాధ్యతా ఆయనదే. ఆ కాఫీ పుణ్యమా అని ఆరు దాకా ఎవరూ కూర్చోలేదు.

మాది గోదావరి డెల్టా. నాన్నగారిది కాలువ చివర శివారు పొలం. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఎంత వదిలినా, ఎగువ రైతులు తూములన్నీ ఒక్కసారి ఎత్తేస్తే మా చేను ఎండేది. ఇప్పుడు నా ఒంటికి రోజూ ఒక శివారు ఉంది, సాయంత్రం ఐదు తర్వాతది. పొద్దున్నే ఓపికగా ఉంది కదా అని స్నానం, పూజ, వంట, ఫోన్లు అన్నీ పదింటిలోపు కానిచ్చేస్తే, మనవడు బడినుంచి వచ్చే వేళకు వాడితో మాట్లాడ్డానికి కూడా ఏమీ మిగలదు. అందుకని తూములు వంతులవారీగా తెరుస్తున్నాను.

స్నానం రాత్రికి మార్చాను. ఇది చదివి కొందరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. స్నానం చెయ్యకుండా పొయ్యి ముట్టుకున్నానని తెలిస్తే మా అత్తగారు ఆ అన్నం తినేవారు కాదు. కానీ పొద్దున్న స్నానానికి పోయే ఓపికతో ఇప్పుడు ఒక కూర వండగలుగుతున్నాను. తలంటు అయితే ఆ రోజుకు అదే పని, ఇంకోటి పెట్టుకోను. స్నానాలగదిలో ప్లాస్టిక్ కుర్చీ, వంటింట్లో ఎత్తుపీట వచ్చాయి. నిలబడి ఉల్లిపాయలు తరగాలని ఏ శాస్త్రంలోనూ లేదు. నిండు బిందె, గ్యాస్ బండ లాంటివి ముట్టుకోవద్దని సర్జన్‌గారు ఆరు వారాలకే చెప్పారు గానీ, ఆ గడువు ఎప్పుడు దాటిందో ఇంట్లో ఎవరికీ గుర్తుచెయ్యలేదు.

పెద్దవాళ్ళు మాత్రం “మంచం దిగకు” అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ పడుకునేకొద్దీ కండ పోతుంది, కండ పోయేకొద్దీ అలసట పెరుగుతుంది. ఈ రకం నీరసానికి మిగతా ఉపాయాలకంటే గట్టి రుజువులున్నది కదలికకే, అందులోనూ నడకకి. ఎంత నడవాలన్నది అడుగుల లెక్కలో దొరకదు. గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త శ్రమకు ఒక కొలత కట్టాడు. విచిత్రంగా అది 6తో మొదలై 20తో ముగుస్తుంది. ఎందుకంటే అంకెను పదితో హెచ్చిస్తే, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఇంచుమించు ఆ లెక్క వస్తుంది. నాకు నచ్చింది ఆ అంకెలు కాదు. శ్రమ ఎంతో చెప్పాల్సింది పక్కనున్నవాళ్ళు కాదు, పడుతున్న మనిషేనని ఆయన ఒప్పుకోవడం. నాలాంటివాళ్ళు 11, 13 మధ్య ఉంటే చాలంటారు. నా కొలత ఇంకా సులువు. విష్ణు సహస్రనామం పైకి చదువుకుంటూ నడుస్తాను. శ్లోకం శ్లోకంగా వస్తుంటే సరే. పాదం మధ్యలో ఊపిరి తెగిందంటే నెమ్మదించాలి. మొదట్లో మా వరండా ఆ చివరినుంచి ఈ చివరికి వెళ్ళేసరికే తెగేది. ఇప్పుడు పొద్దెక్కకముందు గోదావరి గట్టు మీద కొంత దూరం పోయి, వెనక్కి నడిచే ఓపిక ఉండగానే తిరుగుతున్నాను.

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెబుతారు. చెడ్డ రోజున ఎలా ఉండాలో నాకు త్వరగానే పట్టుబడింది, ఎందుకంటే చెడ్డ రోజున ఒళ్ళే నిర్ణయం తీసుకుంటుంది. పడుకోబెడుతుంది. కష్టమంతా మంచి రోజుతో.

మంచి రోజు చెప్పాపెట్టకుండా వస్తుంది. లేవగానే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. కాఫీ రుచి తెలుస్తుంది. ఇక చూడండి, వంటింటి గట్టు జిడ్డు కనిపిస్తుంది, బీరువాలో కలగలిసిన బట్టలు కనిపిస్తాయి, బాకీ పడ్డ ఫోన్లన్నీ గుర్తొస్తాయి. ఇంట్లోవాళ్ళ మొహాలు వెలుగుతాయి. “అత్తయ్యా, ఇవాళ బాగున్నారు!” అంటుంది కోడలు. ఆ మాట చెవిన పడ్డాక ఆగడం ఉందే, అది నేను చూసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. బాగున్న రోజున పేరుకున్నవన్నీ తీర్చుకుందామని చూస్తే, ఆ తర్వాతి రోజులు మంచంలో పోతాయి. అవి పోయాక మళ్ళీ పనులు పేరుకుంటాయి. మళ్ళీ మంచి రోజు కోసం కాచుకోవడం. ఈ చక్రంలో పడ్డ మనిషి కోలుకుంటున్నట్టు ఉంటుంది గానీ కోలుకోదు.

కాబట్టి మంచి రోజున నేను సాధన చేస్తున్నది ఆగడం. అలిసిపోయాక ఆగడానికి సాధన అక్కర్లేదు. ఇంకా చెయ్యగలిగి ఉండగానే కత్తిపీట పక్కన పెట్టడం, ఇంకో గుడ్డ మడత పెట్టగలిగి ఉండగానే బీరువా తలుపు మూసెయ్యడం. సగంలో ఆపిన పని కళ్ళెదుట కనిపిస్తూంటే మనసు పీకుతుంది. ఆ పీకుడును ఓర్చుకోవడమే నాకు అసలు వ్యాయామం. చెడ్డ రోజున మటుకు తిరకాసు. బొత్తిగా ఏమీ చెయ్యబుద్ధి కాకపోయినా వరండాలో నాలుగడుగులు వెయ్యాల్సిందే. మంచి రోజుకూ చెడ్డ రోజుకూ మధ్య ఎత్తుపల్లాలు తగ్గేకొద్దీ, మొత్తం మీద మెల్లగా పైకే పోతున్నట్టు తెలుస్తోంది.

తిండి విషయంలో మన పాత పథ్యాలు కొన్ని మేలు కంటే కీడు చేస్తాయి. కుట్లున్నవాళ్ళు పప్పు తింటే చీము పడుతుందని ఇప్పటికీ చెబుతారు. పప్పు మానేసి, గుడ్డు మానేసి, ఇడ్లీలూ చారూ అన్నంతో వారాలు గడిపితే కండ దేనితో కడుతుంది? ఒకటే కిడ్నీ కదా అని మాంసకృత్తులు గుప్పించడమూ వద్దు, ఎండగట్టడమూ వద్దు. నా డైటీషియన్ చెప్పినదానికి నాకు అర్థమైన తెలుగు ఇది. నాకు బాధ కలిగించిన ఆంక్ష ఉప్పు మీదది. అంటే ఆవకాయ మీదది. రక్తపోటు పెరిగితే మిగిలిన కిడ్నీ చెడుతుంది కనుక నోరు మూసుకున్నాను. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు కూడా ఆ కిడ్నీకి పడవు.

ఇంకొక సంగతి. నీరసమంతా ఆపరేషన్ ఖాతాలోనే రాసెయ్యకూడదు. రక్తం తక్కువై ఉండొచ్చు, ఇనుము తక్కువై ఉండొచ్చు, థైరాయిడ్ మందగించి ఉండొచ్చు, మనసు కుంగి ఉండొచ్చు. వీటిలో ప్రతిదానికీ వైద్యముంది. ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత పెంబ్రోలిజుమాబ్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళకూ, జబ్బు ముదిరి సునిటినిబ్, పజోపనిబ్ మాత్రలు వాడేవాళ్ళకూ ఆ మందులే థైరాయిడ్‌ను దెబ్బతీయగలవు. కాస్త కోలుకుంటూ ఉన్న మనిషి ఉన్నట్టుండి కూలబడితే, ఆయాసమో జ్వరమో కాలివాపో తోడైతే, గట్టు మీద నడక కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి. “వయసు కదమ్మా” అని పంపించేసే డాక్టర్లూ తగులుతారు. నాకు ఒకాయన తగిలాడు. వయసు రాత్రికి రాత్రే రాదు కదా అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళి రక్త పరీక్ష రాయించుకున్నాను.

వచ్చే నెల మేనకోడలి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున రెండు దాటాక. మేనత్తను, నేను లేకుండా కుదరదంటాడు తమ్ముడు. కొంత బేరం జరిగింది. పెళ్ళికూతుర్ని చేసే పూట కుర్చీ వేస్తే కూర్చుని నలుగు పెడతాను. స్నాతకానికి రాను, ఎదురుకోలుకు రాను. మధ్యాహ్నమంతా పడుకుని, ముహూర్తానికి ముందు లేచి, అక్షింతలు వేసి, మళ్ళీ పడుకుంటాను. వియ్యాలవారు ఏమనుకుంటారక్కా అన్నాడు. ఆపరేషన్ అని చెప్పరా అన్నాను. “చూస్తే అలా లేవే!” అన్నాడు వాడు, మెచ్చుకోలుగానే. సరే, విడిదిలో మెట్లెక్కే పని లేకుండా కింద ఒక గది నాకోసం తీసిపెట్టాడు. తలుపుకు లోపలినుంచి గడియ ఉందో లేదో కనుక్కోమని మళ్ళీ ఫోను చేయించాను. ఉందట.