తాతగారి పేరు, పత్రికలోని పేరు

చరిత్ర రచనా పద్ధతులు చదివేటప్పుడు బాహ్య విమర్శ, అంతర విమర్శ అనే రెండు మాటలు మీకు ఎదురయ్యే ఉంటాయి. ఒక పత్రం అసలుదేనా, ఎప్పటిది, ఎక్కడిది అని అడగడం బాహ్య విమర్శ. అందులో రాసినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో చూడడం అంతర విమర్శ. రాజుల శాసనాలకు, కలెక్టర్ల నివేదికలకు ఈ పరీక్ష పెట్టే మనమే, సొంత వంశం దగ్గరికి వచ్చేసరికి దాన్ని పక్కన పెడతాం. పాత పత్రికలు ఇంట్లో కూర్చుని చూసే వీలు వచ్చాక ఈ పొరపాటు మరీ సులువైంది.

1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక, 1926లో హైదరాబాదులో ఆరంభమైన గోలకొండ పత్రిక వంటివి చూడాలంటే ఒకప్పుడు వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోటికి ప్రయాణం కట్టవలసి వచ్చేది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేయించింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాన్ చేయించిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలాదిగా ఉన్నాయి. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ చదువుకునే మీకు ఇది చిన్న మేలు కాదు.

అయితే నేను ఇందులో ఎలా బోల్తాపడ్డానో చెబుతాను. ఉప్పు సత్యాగ్రహంలో మా మాతామహుడు జైలుకు వెళ్లాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. 1930 నాటి ఒక పత్రికలో అరెస్టయినవారి జాబితా దొరికింది. ఇంటిపేరు, పేరు, ఊరు మూడూ కలిశాయి. ఇంకేం కావాలి? ఒక పెళ్లి సందర్భంలో వేసిన కుటుంబ పుస్తకంలో ఆ సంగతి అచ్చు వేయించాను. రెండేళ్ల తరువాత మా పెద్దమ్మ పెట్టెలోంచి ఒక పొలం దస్తావేజు బయటపడింది. ఆ ఊళ్లోనే, అదే ఇంటిపేరుతో, అదే పేరుతో ఇద్దరున్నారు. అన్నదమ్ముల కొడుకులు. ఇద్దరికీ ఒకే తాత పేరు పెట్టారు. దస్తావేజులో తండ్రి పేరు ఉంది, పత్రికలో లేదు. జైలుకు వెళ్లినది ఎవరు? ఆ రెండో ఆయన పిల్లలు ఎప్పుడో ఊరు విడిచిపోయారు. చెప్పుకోవడానికి అక్కడ ఎవరూ మిగలలేదు. వారికి చెందవలసిన గౌరవాన్ని నేను మా ఇంటి ఖాతాలో రాసుకున్నానేమో. మా అమ్మ బతికుండగా ఈ మాట ఆమెకు చెప్పలేకపోయాను.

పరిశోధకుడిగా నా తప్పు ఏమిటంటే, పేరు కలవడాన్ని మనిషి కలవడంగా తీసుకున్నాను. మన పేర్ల ఆచారం తెలిసినవాడు చేయకూడని పని ఇది. దీనికి సంవత్సరాల లెక్క కూడా తోడవుతుంది. పాత కాగితంలో రక్తాక్షి అని ఉంటే అది 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు. తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లలో ఆ అరవై ఏళ్లు సరిగ్గా తాతకూ మనవడికీ మధ్య ఉండే దూరం! నిజాం రాజ్యపు కాగితాలలో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. జిల్లాలూ నిలకడగా లేవు. గుంటూరు జిల్లా 1904లోనూ, పశ్చిమ గోదావరి 1925లోనూ ఏర్పడ్డాయి. ఏలూరు పక్క పల్లె అంతకుముందు కాగితాలలో కృష్ణా జిల్లాలో కనిపిస్తే ఊరు వేరనుకోకండి.

ఇక వెతుకులాట. పెట్టెలో పేరు టైపు చేసి, ఏమీ రాకపోతే లేదని తేల్చుకోవడం విద్యార్థులలో తరచు చూశాను. యంత్రం పాత తెలుగు అచ్చును సరిగా చదవలేదు. ఒత్తులు, అరసున్నలు, బండి ఱలు, చెదిరిన సిరా, సంధి చేసి పంతులుగారితో అతికించిన పేర్లు, ఇవన్నీ దాన్ని తికమక పెడతాయి. పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఎవరికి తోచినట్టు వారు నమోదు చేశారు. కాబట్టి సంఘటన జరిగిన నెల తెలిస్తే, ఆ నెల సంచికలు పుట పుటా తిప్పి చూడడమే మార్గం. విసుగే, కాదనను.

అలా తిప్పినా కొందరు కనిపించరు. పత్రికలకు ఎక్కినవారు వకీళ్లు, జమీందారులు, సభాధ్యక్షులు, చందాలిచ్చినవారు. స్త్రీలు చాలాచోట్ల ఫలానావారి భార్యగానే మిగిలారు. పొలంలో కూలికి వెళ్లిన ముత్తాత పేరు సంపాదకుడికి వార్త కాదు. ఆయన మరోచోట దొరకవచ్చు. 1860 నవంబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బను చేరింది. అది మొదలు నేటాలు చెరకు తోటలకు వెళ్లిన కూలీలలో మన జిల్లాలవారూ ఉన్నారు. ఆ ఓడల జాబితాలలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాసేవారు. గౌరవంతో కాదు, ఒప్పందం తప్పించుకు పోకుండా. ఏ పత్రికా పట్టించుకోని మనిషికి తండ్రి పేరు అక్కడ మిగిలింది! అక్కడా గుమాస్తా చెవికి వినబడినట్టే రాశాడు గనుక ఊరి పేరును పైకి చదివి చూడండి. కళ్లకు దొరకనిది చెవికి దొరుకుతుంది.

మీరు నోటు రాసుకునేటప్పుడు పత్రిక పేరు, తేదీ, పుట ఒకవైపు, అందులో ఉన్న మాటలు ఉన్నట్టుగా మరొకవైపు రాయండి. మీ ఊహ ఆ రెంటిలోనూ కలవకూడదు. దానికి వేరే చోటు ఇవ్వండి. నేను ఆ పని ఆలస్యంగా నేర్చుకున్నాను. మా కుటుంబ పుస్తకంలో ఆ పుట అంచున ఇప్పుడు ఇద్దరి తండ్రుల పేర్లూ పెన్సిలుతో రాసి, మధ్యలో ప్రశ్నార్థకం పెట్టాను.