మాటను దాని ఊరడగాలి

నిఘంటువు తీసి కూర్చుంటే నాకు టైము తెలియదు. వాడుకలో లేని, ఎవరూ పలకని ఇంగ్లిష్ మాట తగిలితే మరీ సంబరం. నోటుబుక్కులో అర్థం కంటే ముందు అది ఏ భాష నుంచి వచ్చిందో రాసుకుంటాను. స్పెల్లింగ్ బీ పిల్లల్ని చూసి పట్టుకున్న పద్ధతి ఇది.

అమెరికాలో జరిగే స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ పోటీలో మన తెలుగు పిల్లలు గెలిచినప్పుడల్లా ‘ఎంత జ్ఞాపకశక్తో!’ అంటాం. ఆ మెచ్చుకోలు వాళ్ల శ్రమలో సగాన్నే చూస్తుంది. పోటీకి ఆధారమైన మెరియమ్-వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో 4,70,000కు పైగా పదాలున్నాయి. అన్నీ బట్టీ పట్టడం ఎవరి తరం? అందుకే మైకు ముందు నిలబడి పిల్లలు అడుగుతారు: ఈ మాట ఏ భాషది?

2023లో దేవ్ షాను గెలిపించిన ‘సామోఫైల్’నే తీసుకోండి. చెవికి ‘స’తో మొదలవుతుంది. గ్రీకు మాట అనగానే, సైకాలజీలో లాగా ముందు పలకని ‘పి’ ఉందేమోనని అనుమానం రావాలి. ‘ఫ’ వినపడిన చోట ఎఫ్ బదులు పి, హెచ్ వేసుకోవాలి. గ్రీకులో ‘సామ్మోస్’ అంటే ఇసుక. ఇసుక నేలను ఇష్టపడి పెరిగే జీవి అన్నమాట! అర్థం, అక్షరాలు జంటగా తెలిశాయి.

నాకు బాగా ఇష్టమైనది అరవింద్ మహంకాళి పట్టుదల. 2011లో, 2012లో మూడో స్థానం దగ్గరే ఆగిపోయాడు. రెండుసార్లూ దెబ్బతీసినవి జర్మన్ మూలమున్న మాటలే. రెండోది ‘ష్వానోమా’, నరాల తొడుగులో పుట్టే కణితి. జర్మన్ శాస్త్రవేత్త థియోడార్ ష్వాన్ పేరు అందులో ఉంది. ఆ పేరు ఎరిగి ఉంటే సగం స్పెల్లింగ్ చేతికొచ్చినట్టే. 2013లో అరవింద్ గెలిచింది జర్మన్ నుంచి యిడ్డిష్‌లోకి వచ్చిన ‘క్నేడెల్’తో. అదొక రకం పిండి ఉండ.

జీఆర్ఈ కోసం వర్డ్ లిస్టులు వల్లెవేసే మన పిల్లలకు ఈ దారి ఎవరూ చూపించరు, అదే నా బాధ. పరీక్ష అయిన నెలకు ఆ మాటల్లో ఎన్ని మిగులుతాయి?

2021 నుంచి స్క్రిప్స్ వేదిక మీదే అర్థం అడిగే రౌండు పెట్టారు. చాలా మంచి పని. మరుసటేడు ‘పల్యులేషన్’కు హరిణి లోగన్ పక్షులు గూడు కట్టుకోవడమనే అర్థాన్ని ఎంచుకుంది. తప్పని పంపేశారు. ఆ మాట మూలంలో ఉన్న లాటిన్ ‘పుల్లుస్’కు పిల్ల, కోడిపిల్ల అని అర్థం. న్యాయనిర్ణేతలు మళ్లీ పరిశీలించి, ఆ జవాబూ చెల్లుతుందని వెనక్కి పిలిచారు. ఆ ఏడాది గెలిచింది హరిణే.