గంటకు నాట్లు

మొన్న అల్పపీడనం పట్టిన రోజు టీవీలో చదివేశారు: ‘గంటకు 35 నాట్ల వేగంతో ఈదురుగాలులు’. ‘ఏటీఎం మెషీన్’ లాంటిదే ఇదీ, ‘ఎం’ అంటేనే మెషీన్ కదా. నాట్ అంటేనే గంటకో నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. మళ్లీ ‘గంటకు’ ఎందుకు? మా ఆవిడకైతే వరి నాట్లే గుర్తొచ్చాయి. ‘ఎన్నెకరాలట?’ అంది.

నాట్ అంటే తాడుకు వేసిన ముడే. తెరచాప ఓడల కాలంలో వేగం కొలవడానికి పావు చక్రంలా కోసిన చెక్కముక్క వాడేవారు. వంపు అంచుకు సీసం పొదిగితే నీళ్లలో నిటారుగా నిలబడేది. తాడు కట్టి దాన్ని ఓడ వెనక నుంచి విసిరితే అది ఉన్నచోటే ఉండిపోతుంది, ఓడ ముందుకు పోతుంది, ఒకడు ఎత్తిపట్టుకున్న తాడు కండె గిర్రున తిరుగుతుంది. ఓడ వెనక నీళ్ల కలత దాటేదాకా వదిలిన తాడు లెక్కలోకి రాదు. ఆ తర్వాత కట్టిన గుడ్డపీలిక కనబడగానే ఇంకొకడు ఇసుక గడియారం తిరగేసేవాడు. 28 సెకన్లకు ఇసుక అయిపోయేసరికి తాడు పట్టి ఆపేవారు. ఎన్ని ముడులు జారితే అన్ని నాట్లు. ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు. తాడు తడిసి సాగేది, ఇసుక చెమ్మకు ముద్దకట్టేది, అది వేరే తంటా.

ఆ చెక్క పేరు లాగ్. దాని లెక్కలు ఎక్కిన పుస్తకం లాగ్‌బుక్. మా నాన్న ఆఫీసు జీపుకూ ఒకటుండేది. నెలాఖరు సాయంత్రం డ్రైవరు మా వరండాలో కూర్చుని నెల ప్రయాణాలన్నీ ఒక్క ఊపులో రాసేవాడు.

‘పదమూడో తారీకు ఎటెళ్లామండీ?’

‘ఎటో ఒకటి రాయవయ్యా, మీటరు కలవాలి.’

సముద్రం మీద ఆ పప్పులుడకవు. దిక్కు, వేగం, గడిచిన సమయం పట్టుకునే ఓడ ఎక్కడుందో అంచనా కట్టేవారు. లెక్క తప్పితే చీకట్లో రాళ్లెక్కడమే.

ఇంతా చేస్తే, 18, 19వ శతాబ్దాల నావికుల రాతల్లోనే ‘గంటకు ఇన్ని నాట్లు’ అని కనిపిస్తుంది. తాడు చేతిలో ఉన్నవాడికి నాట్ ముడే కదా, గంట విడిగా చెప్పుకోవాలి. వాళ్ల నోటి మాటను ఒడ్డున కూర్చుని నేను దిద్దడమేమిటి?

ఇప్పుడు నా పేచీ వేరే. 2014లో హుద్‌హుద్ తుపాను గాలి 100 నాట్లంటే రేకుల ఇంట్లో ఎవరికి దడ పుడుతుంది? గంటకు 185 కిలోమీటర్లంటే బస్సెక్కిన ప్రతివాడికీ తెలుస్తుంది. వాతావరణ శాఖ బులెటిన్లలో కిలోమీటర్లు ఉంటూనే ఉన్నాయి. ముందు అవి చదవండి. తర్వాత నాట్లు గంటకు చదివినా నేను ఉత్తరం రాయను.