మునగని కొమ్మ

రాత్రి పదకొండు దాటాక నయాపూల్ మీదికి రండి. అంతకు ముందు వద్దు. అప్పటిదాకా అక్కడ వంతెన కనపడదు. హారన్లూ, ఆటోలూ, చార్మినార్ వైపు పరుగెత్తే సిటీ బస్సులే కనపడతాయి. పదకొండు దాటితే ఊరు పలచబడుతుంది. ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, దక్షిణపు ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు నదికి అటూ ఇటూ మెల్లగా పైకి లేస్తాయి. పగలంతా అవి రోగులవి, కక్షిదారులవి. ఇప్పుడు ఆకాశానివి! గులాబి రాయి తన గులాబిని వదిలేసి ఒట్టి ఆకారంగా మిగులుతుంది. ఆ ఆకారంలోనే ఎంత సొగసు, ఎంత నిబ్బరం! కింద మూసీ. వాసన ఉంటుంది, దాచడమెందుకు. కానీ నీటి మురికిని చీకటి కప్పేస్తుంది. వీధిదీపాల పసుపు మాత్రం పొడుగు పొడుగు చారలై నీటిమీద వణుకుతుంది. ఆ వణుకును కాసేపు చూడండి. తొందరేం లేదు.

ఇక ఆసుపత్రి ఆవరణలోకి నడుద్దాం. మెట్ల మీద, గోడల వారన, ఎక్కడ మనిషి పట్టే చోటుంటే అక్కడ రోగుల తాలూకు వాళ్లు దుప్పట్లు పరుచుకుని పడుకుంటారు. పాలమూరు వాళ్లు, మెదక్ వాళ్లు, బీదర్ నుంచి రాత్రి బస్సుకు వచ్చిన వాళ్లు. ఒక ముసలమ్మ ఎక్స్‌రే కవరును నలగకుండా పొట్టమీద పెట్టుకుని, దానిమీద రెండు చేతులూ ఆనించి నిద్రపోతుంది. ఊపిరితో పాటు ఆ కవరు లేస్తుంది, దిగుతుంది. ఎవరి ఎముకల నీడ అందులో ఉందో! ఆమెను దాటి నది వైపు వస్తే, అక్కడుంది చింతచెట్టు. నాలుగు వందల ఏళ్ల నాటిదని చెబుతారు.

చింతాకును రాత్రిపూట దగ్గరగా చూశారా? పగలు ఈనెకు రెండు వైపులా విచ్చుకుని ఉండే చిట్టి ఆకులు పొద్దు గూకాక జతలు జతలుగా ఒకదానిమీదికొకటి వాలి ముడుచుకుంటాయి. కొమ్మంతా అలాగే, చెట్టంతా అలాగే. మొద్దు చూస్తే నల్లగా, బీటలు బీటలుగా, బుడిపెలు కట్టి, ఎన్ని ఎండలు తిన్నదో అనిపిస్తుంది. పైకి చూస్తే ఒక్కో రెమ్మా కళ్లు మూసుకుని ఉంటుంది. అంత పెద్ద మాను, ఇంత పసితనంగా నిద్రపోవడం! నాకు తెలిసి ఈ ఊళ్లో రాత్రి చూడదగినవాటిలో దీని తర్వాతే ఏదైనా.

మన ఊళ్లలో చీకటి పడ్డాక చింతచెట్టు కిందికి పోనివ్వరు. దయ్యాలుంటాయంటారు. కింద పడుకోవద్దంటారు, పెళ్లికాని పిల్లను అటు నడవనే వద్దంటారు. అలాంటి చెట్టు మీదికి, 1908 సెప్టెంబరు 28న, ఇంకా తెల్లవారకముందే మూసీ ఊళ్లోకి వచ్చినప్పుడు, నూట యాభై మంది ఎక్కారు. ఎగువన 788 చెరువులుంటే 221 తెగాయి. ఒక చెరువు తెగి కింది చెరువును తెంపింది, అది ఆ కిందిదాన్ని తెంపింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలింది, గల్లీలకు గల్లీలు కొట్టుకుపోయాయి, పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. నీళ్లు తీసేదాకా ఆ నూట యాభై మంది ఈ కొమ్మలను పట్టుకుని బతికారు.

ఆ కొమ్మల్లో మీ చూపును కాసేపు తిరగనివ్వండి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో! ఎవరి చెయ్యి ఎవరి చేతికి అందిందో! అందరూ దయ్యాలున్నాయన్న చోట అందరూ మనుషులే. చింతకొయ్య గట్టితనం మనకు తెలియనిది కాదు. గానుగలకూ, రోకళ్లకూ, కసాయి అంగట్లో మాంసం కొట్టే మొద్దులకూ ఏరి తెచ్చేది ఆ కొయ్యనే. బలం చెట్టుదే, సరే. ఆ బలం ఆ రాత్రి అక్కడే ఎందుకుంది? కొన్ని వందల ఏళ్ల కిందట ఒక గింజ అక్కడ పడింది. ఎవరైనా నాటారో, బాటసారి చప్పరించి ఊసేశాడో, పక్షి జారవిడిచిందో. నాలుగడుగులు పక్కన పడి ఉంటే, మొలిచిన ఏడు మేక కొరికి ఉంటే, వంటచెరకుకని ఎవరైనా గొడ్డలి ఎత్తి ఉంటే! ఏదీ జరగలేదు. జరగని ఇన్నింటి మీద నూట యాభై ప్రాణాలు నిలబడ్డాయి. వాళ్లకు బిడ్డలు, ఆ బిడ్డలకు బిడ్డలు. ఈ రాత్రి ఈ ఊళ్లో ఏ మేడమీదో ఏ రేకుల ఇంట్లోనో, ఆ సంగతే ఎరుగక, హాయిగా ఒత్తిగిలి పడుకున్నవాళ్లు ఎందరో! తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అది భయం కాదు, దుఃఖం కాదు. మన లాక్షణికులు అద్భుతమని పేరుపెట్టి, విస్మయాన్ని దానికి స్థాయిగా చెప్పారు చూడండి, ఆ రసం ఇంత చిక్కగా నాకు ఏ కావ్యంలోనూ దొరకలేదు.

చిక్కనిదే కానీ తియ్యనిది కాదు. అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడే తర్వాత ఉర్దూ రుబాయీకి ఈ దక్కను గడ్డమీద పెద్దదిక్కయ్యాడు, యాభై ఏళ్లకు పైగా బతికి 1961లో పోయాడు. వరద మీద ఆయన రాసిన కవిత పేరు ఖయామతె సుగ్రా, చిన్న ప్రళయం. ఒకే నీళ్లు, ఒకే రాత్రి. ముగ్గుర్ని తీసుకుని ఒకరిని ఒడ్డుకు వేసింది. ఎందుకని ఆయన ఎన్ని రాత్రులు అడిగి ఉంటాడో! ఆయన నాలుగేసి పాదాల్లో ఉన్న ఆ నిదానం, ఆ తడి, ఆ ప్రశ్న చుట్టూనే పేరుకున్నాయని నాకు అనిపిస్తుంది. ఆ రుబాయీలను ఎప్పుడూ పగలు చదవలేకపోయాను.

ఆ ప్రశ్న నా దాకా కూడా వస్తుంది. నా వాళ్లెవరూ ఈ చెట్టెక్కలేదు. అప్పటికి వాళ్లెవరికీ ఈ ఊరే తెలియదు. కానీ వరద వచ్చింది కనుక మరుసటి ఏడు ఇంజనీరు విశ్వేశ్వరయ్య వచ్చాడు. ఆయన చెప్పాడు కనుక గండిపేట జలాశయం వచ్చింది, 1920లో. హిమాయత్‌సాగర్ వచ్చింది, 1927లో. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడని సామెతలా చెప్పుకుంటారు. మా నాన్న ఖమ్మం వైపు నుంచి కొలువు వెతుక్కుంటూ వచ్చి ఆ నీళ్లు తాగాడు, ఉండిపోయాడు, అమ్మను ఇక్కడే చూశాడు. ఏ దారిన వెనక్కి నడిచినా చివరికి ఆ తెల్లవారుజామునే తేలుతాను. పదిహేను వేల మంది పోయిన రాత్రి నా పుట్టుకలో ఒక పోగు! ఈ మాటను నేను తేలిగ్గా అనలేను, అనకుండా ఉండలేను. చెట్టు బెరడు మీద అరచెయ్యి ఆనించి నిలబడితే మాత్రం అది బరువుగా కాక, వెచ్చగా తగులుతుంది. పగటి ఎండను బెరడు ఇంత రాత్రిదాకా దాచుకుంటుంది.

అక్కడినుంచి ఉత్తరపు ఒడ్డు వెంబడే, బేగంబజార్ మూసిన షట్టర్ల మీదుగా, జీలకర్ర, ఎండుమిర్చి ఘాటు ఇంకా గాలిలో ఆడుతుండగా, పురానాపూల్‌కు పోవచ్చు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెన. 1908 వరదకు నిలిచింది. తర్వాత ఈ ఊరు కట్టించిన యువరాజు వరదలో ఉన్న మూసీని రాత్రివేళ గుర్రం మీద ఈది, తను ప్రేమించిన భాగమతిని చూడబోయాడని, కొడుకు ప్రాణం కోసం తండ్రి ఈ వంతెన కట్టించాడని కథ. అప్పటికి ఆ యువరాజుకు పన్నెండు పదమూడేళ్లని లెక్క తేల్చి చరిత్రకారులు కాదంటారు. వాళ్ల లెక్క నిజమే. అయినా తరతరాలుగా ఒక ఊరు ఊరంతా, తాను పుట్టింది ఒక చీకటి రాత్రి, గుర్రం కాలు జారకపోవడం వల్లేనని నమ్ముతూ వచ్చిందే, ఆ నమ్మకం ఎంత అందమైనది! కమానుల కింద నిలబడి విన్నారా, నీళ్ల చప్పుడు ఒక్కో కమానులో ఒక్కో శ్రుతిలో పలుకుతుంది.

వంతెన దాటి ఎడమకు తిరిగితే పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి. ఊరంతా దీపాలు ఆర్పినా ఇక్కడ ఆరవు. గేటు బయట ఎప్పుడూ పది ఇరవై మంది మగవాళ్లు, బీడీలు, ఫ్లాస్కులు, ఆటోల్లో కాళ్లు బయటికి చాపి కునుకులు. ఆయా తలుపు తీసి "లక్ష్మి తరఫోళ్లెవరు?" అని కేకేస్తే ఒకడు చెప్పులు వదిలేసి పరుగెత్తుతాడు. అందరూ అతని మొహంలోకే చూస్తారు, తమ మొహాలు మరిచిపోయి. ఆడపిల్ల! చాయ్ బండి దగ్గర ఒక్కసారిగా సందడి. ఎవరో అతని భుజం తడతారు, ఇంకొకతను పేరు తెలియకుండానే కౌగిలించుకుంటాడు.

మొన్న వెళ్లినప్పుడు అలాంటి ఒక తండ్రికీ వాళ్లమ్మకూ అక్కడే వాదన. పిల్ల రాత్రి పన్నెండుకు అటూ ఇటూగా పుట్టింది. ఏ తారీఖు రాయించాలి?

"పన్నెండు దాటింది, రేపటి తారీఖే పడుతదమ్మా."

"ఎవరికి దాటింది? మనకు పొద్దు పొడిస్తెనే దినం మారేది. ఇయ్యాల్టి పిల్లనే అది."

"సర్టిఫికెట్ల అట్ల రాయరే."

"సర్టిఫికెట్ అన్నదా, నేనన్ననా? నేను ఎత్తుకున్న పిల్లను, నాకు తెల్వదా?"

చాయ్ తాగుతున్నవాళ్లంతా రెండు పక్షాలుగా చీలిపోయారు. నేను పెద్దమ్మ పక్షాన చేరాను.